భోజనాల బల్ల మీద పడక

ఎనిమిది మంది పడుకోవచ్చని బండి వెనక కట్టి లాక్కెళ్లే ఆ ట్రెయిలర్ తలుపు పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ ఎనిమిది మందీ లేచాక ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఎక్కడా రాయలేదు. నళినికి ఆ మాట పైకి అనాలనిపించింది గానీ, శ్యామ్‌సుందర్ మొహం చూసి ఊరుకుంది. కొత్త సైకిల్ చేతికొచ్చిన పిల్లవాడిలా వెలిగిపోతున్నాడు మనిషి. రూట్ 46 పక్కన ట్రెయిలర్లు అమ్మే ఆ మైదానంలో పొద్దుటి నుంచి మూడు ఎక్కి దిగారు. ఆ మూడింటికీ ఏదో ఒక వంక పెట్టినవాడు, దీంట్లో కాలు పెట్టగానే "ఇదే" అనేశాడు.

"నళినీ, ఇటు చూడు. క్వీన్ బెడ్! తలుపు కూడా ఉంది" అంటూ ముందువైపు పడగ్గదిలోకి దూరాడు. దూరడమే మరి, ఆ సందులోంచి మామూలుగా నడిచి వెళ్లడం అయ్యే పని కాదు.

వెనకవైపు ఒకదాని మీద ఒకటి రెండు బెర్తులు, వాటికి తలుపు బదులు ఒక తెర. ఆరేళ్ల ధృవ్ అప్పటికే పై బెర్తు ఎక్కేసి కాళ్లు ఊపుతున్నాడు. మధ్యలో వంటగట్టు, ఫ్రిజ్, బాత్రూమ్, వాటికి ఎదురుగా కిటికీ పక్కన భోజనాల బల్ల, దానికి అటూ ఇటూ మెత్తలు వేసిన రెండు బెంచీలు.

శ్యామ్‌సుందర్ తల్లి రత్నం కోడలి చెయ్యి పట్టుకుని, ఊగుతున్న ఇనుప మెట్లు ఒక్కొక్కటే ఎక్కి లోపలికొచ్చింది. మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి చాలా కాలమైంది. వచ్చీ రాగానే పొయ్యి చూసింది. ఆ తర్వాత పొయ్యి పక్కనున్న తలుపు తీసి చూసి, వెంటనే వేసేసింది.

"ఏవిట్రా ఇది, పొయ్యి పక్కనే?"

"బాత్రూమ్ అమ్మా. చిన్న ఇల్లు కదా."

"పోనీలే. గుమ్మం ఎటుంది?"

"ఎటు కావాలంటే అటు తిప్పి పెడతా. చక్రాల మీద ఇల్లు."

"వెళ్లిన ప్రతిచోటా తూర్పుకే పెడతావా?"

"పెడతా."

రత్నం ఒక్క క్షణం ఆలోచించి, పుట్టి బుద్ధెరిగాక వాస్తు దోషం లేని ఇల్లు ఇదొక్కటే చూశానంది. అందరూ నవ్వారు. అమ్మకాల మనిషి లొరైన్‌కి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వింది.

ఎవరెక్కడ పడుకోవాలో శ్యామ్‌సుందర్ అక్కడికక్కడే తేల్చేశాడు. తనూ నళినీ పడగ్గదిలో. అమ్మకి కింది బెర్తు, ధృవ్‌కి పైది. ఇక పదమూడేళ్ల దియకి భోజనాల బల్ల. లొరైన్ బల్ల కింద ఒక మీట నొక్కి, బల్లని బెంచీల ఎత్తుకి దించి, మెత్తలు దాని మీదికి జరిపి చూపించింది. చిటికెలో మంచం అయింది.

"ధృవ్‌ని ఇక్కడ పడుకోబెట్టలేం. వాడు ఎనిమిదింటికే నిద్రపోతాడు, అప్పటికి మన భోజనాలే అవవు" అన్నాడు శ్యామ్‌సుందర్. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. నళినిని ఇబ్బంది పెట్టింది కూడా అదే. "దియా, నీకు ఓకేనా?"

"ఇట్స్ ఫైన్ డాడీ."

అందరూ ఎవరి పడక మీద వాళ్లు వాలి చూసుకుంటుంటే, దియ మాత్రం ఆ పరుపు మీద పడుకోలేదు. అంచున కూర్చుంది, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, బస్టాండులో కూర్చున్నట్టు. లొరైన్ మళ్లీ బల్ల పైకి లేపబోతే, అడగకముందే లేచి పక్కకి జరిగింది.

ఆ జరగడం నళినికి బాగా తెలుసు. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో ఆమె ఉద్యోగమంతా భోజనాల బల్ల మీదే. ఏ మందు వాడితే ఎవరికి ఏ హాని జరిగిందో రిపోర్టులు చదివి, ఒక మందుల కంపెనీకి వివరం రాసి పంపే పని. టిఫిను వేళకి లాప్‌టాప్ ఎత్తాలి, భోజనం వేళకి ఎత్తాలి, ధృవ్ రంగులు వేసుకునే వేళకి ఎత్తాలి. అంత పెద్ద బల్ల ఉండీ, అందులో జానెడు చోటు కూడా ఆమెది కాదు. పగలు తనకి అలవాటైన ఆ బతుకు ఇప్పుడు కూతురికి రాత్రి కూడా రాబోతోంది.

కానీ వద్దనడం ఎలా? రెండేళ్లుగా శ్యామ్‌సుందర్ సోమవారం చీకటితో విమానం ఎక్కి గురువారం తిరిగొస్తున్నాడు. క్లయింట్ కొలంబస్‌లో ఉంటే కొలంబస్, కాన్సస్‌లో ఉంటే కాన్సస్. శుక్రవారం పొద్దున తండ్రి ఇంట్లో కనబడితే ధృవ్ మొదట అడిగేది, "డాడీ, నీ ఫ్లైట్ ఎప్పుడు?" అని. ఆ ప్రశ్న ఇంకోసారి వినలేకే శ్యామ్‌సుందర్, ఇల్లే వెంట తీసుకుపోదాం అన్నాడు. పిల్లల చదువు ఆన్‌లైన్‌లో సాగుతుంది, నళిని ఉద్యోగం ఎక్కడ నెట్ ఉంటే అక్కడ. జూన్ నెలాఖరుకి అపార్ట్‌మెంట్ లీజు కూడా అయిపోతోంది. అది పిచ్చి ఆలోచన అని నళిని ఒక్కనాడూ అనుకోలేదు. అందరూ ఒక్కచోట పడుకుని ఒక్కచోట లేవాలని అతనికంటే ఆమెకే ఎక్కువ ఆశ. ఇది వద్దంటే మళ్లీ ఆ సోమవారాలు. సరేనంటే దియకి ఆ బల్ల.

"కొనేముందు ఇలాంటి దాంట్లో నాలుగు రోజులు ఉండి చూద్దామండీ" అంది. అత్తగారి ముందు ఆమె భర్తని మీరు అనే అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అంటుంది.

వచ్చే లాంగ్ వీకెండ్ సెలవులయ్యేదాకా దాన్ని ఇంకెవరికీ ఇవ్వనని లొరైన్ మాటిచ్చింది. శ్యామ్‌సుందర్ అక్కడి నుంచే చక్రధర్‌కి ఫోన్ చేశాడు. పిస్కాటవేలో ఉండే స్నేహితుడు, ఇదే నమూనా ట్రెయిలర్ ఒకటి కొని డెలావేర్ నది పక్కన క్యాంప్‌గ్రౌండ్‌లో నిలిపి ఉంచాడు.

"అరే, పోయి ఉండుండ్రి బ్రో. తాళంచెవి మెట్టు కింద పెట్టిన. నీళ్లు జర చూసి వాడుండ్రి, వాడిన నీళ్ల ట్యాంక్ నిండితే అదొక పంచాయితీ" అన్నాడు చక్రధర్.

శుక్రవారం సాయంత్రం వాళ్లు చేరేసరికి క్యాంప్‌గ్రౌండ్ అంతా లాంగ్ వీకెండ్ సందడి. పిల్లలు సైకిళ్ల మీద తిరుగుతున్నారు, ఎవరో మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. రత్నం ఇంకేదీ ముట్టుకోకుండా పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది.

"కొనని ఇంట్లో పాలు పొంగించడం ఏంటమ్మా?" అన్నాడు కొడుకు.

"కొన్నాక పొంగకపోతే ఏం చేస్తావు? ముందే చూసుకోవాలి."

పాలు పొంగాయి. పొంగడమే కాదు, పొయ్యి మీద పడి మాడటంతో నెత్తిమీదున్న పొగ అలారం కూత అందుకుంది. శ్యామ్‌సుందర్ టవల్ పెట్టి విసురుతుంటే ధృవ్ గంతులు వేశాడు. పక్క ట్రెయిలర్ ముసలాయన పరుగున వచ్చి అంతా క్షేమమేనా అని అడిగాడు. క్షేమమే, ఇది మాకు శుభం అని నళిని చెబితే, మీ శుభానికి గొంతు పెద్దదే అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

దేవుడికి చోటు కూడా తొందరగానే దొరికింది. కదిలేటప్పుడు సామాను పడిపోకుండా అంచు కట్టిన అర ఒక్కటే ఉంది, భోజనాల బల్ల పైన, తూర్పు గోడకి. శ్యామ్‌సుందర్ వెంకటేశ్వరస్వామి పటం, కుంకుమ భరిణె, బ్యాటరీతో వెలిగే చిన్న దీపం అక్కడ సర్దాడు. రత్నం దణ్ణం పెట్టుకుని, అచ్చం నా కోసమే కట్టినట్టుందిరా అని మురిసిపోయింది.

పడుకునే వేళ అయింది. ధృవ్ ఎప్పుడో నిద్రపోయాడు. శ్యామ్‌సుందర్ బల్ల దగ్గర కూర్చుని ఆఫీసు పని చూసుకుంటున్నాడు. రత్నం అతనికి ఎదురుగా మాత్రలు వేసుకుంటోంది. నళిని గిన్నెలు కడుగుతోంది. దియ దిండు గుండెలకి హత్తుకుని ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది. నళినికి పెరుగు లోపల పెట్టాలంటే అటు జరిగింది. రత్నం బాత్రూమ్‌కి వస్తే ఇటు జరిగింది. శ్యామ్‌సుందర్ ఛార్జర్ కోసం లేస్తే మళ్లీ అటు జరిగింది.

"డాడీ, అయిపోయిందా?" అంది చివరికి.

"టూ మినిట్స్ నాన్నా."

ఆ రెండు నిమిషాలు చాలాసేపు పట్టాయి.

తెల్లవారుజామున కాఫీ కలుపుకోవడం రత్నానికి నలభై ఏళ్ల అలవాటు. పార్సిప్పనీలో వంటగది తలుపు వేసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ పొయ్యి ముందు నిలబడితే దియ తల చేతికందేంత దూరం. రత్నం పాపం అడుగులో అడుగేసుకుంటూ, లైటు వెయ్యకుండా తడుముకుంటూనే కానిచ్చింది. కానీ పొయ్యి వెలిగిస్తే చప్పుడు కాకుండా ఉంటుందా, డికాక్షను వాసన పిల్లని లేపకుండా ఊరుకుంటుందా.

నళిని పడగ్గది తలుపు తీసుకుని వచ్చేసరికి అక్కడ మంచం లేదు. బల్ల పైకి లేచి ఉంది, మెత్తలు ఎక్కడివక్కడ ఉన్నాయి, దుప్పటి మడతలు పెట్టి బెంచీ కింది సొరుగులోకి వెళ్లిపోయింది. దియ జడ వేసుకుని, బూట్లు తొడుక్కుని గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుంది. రాత్రి అక్కడొక పిల్ల పడుకుందన్న ఆనవాలు లేదు.

"చూశావా, ఎంత బాగా అడ్జస్ట్ అయిపోయిందో!" అన్నాడు శ్యామ్‌సుందర్.

"బంగారుతల్లి. పిలవక్కర్లేదు, చెప్పక్కర్లేదు" అంది రత్నం.

నళినికి ఒళ్లు మండింది. పిల్ల ఎంత తక్కువ చోటు తీసుకుంటే అంత మంచి పిల్ల! తనని కూడా ఇలాగే మెచ్చుకుంటూ వచ్చారు అందరూ. ఆ మెప్పు కోసం తను లాప్‌టాప్ ఎత్తుతూనే వచ్చింది, ఎప్పుడూ విసుక్కోలేదు. ఇప్పుడు విసుక్కుందామంటే ఎవరి మీద? ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆమె కాఫీ తీసుకుని, చల్లారిపోయేదాకా తాగకుండా పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి వాన మొదలైంది. ఇక బయటికి వెళ్లే దారి లేదు. శ్యామ్‌సుందర్ ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ గురించి ఆఫీసు కాల్ ఉందని పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల బాత్రూమ్‌ది కాక ఉన్న ఒక్క తలుపూ అలా మూతపడింది. బల్ల మీద సగం ధృవ్ లెగో ముక్కలు, సగం రత్నం ఒలుస్తున్న చిక్కుడుకాయలు. నళిని కింది బెర్తులో మెడ వంచుకుని కూర్చుని, సెలవైనా తప్పని ఒక రిపోర్టు పూర్తి చేసింది. పూర్తి చేసి తల ఎత్తి చూసింది.

"దియ ఏదీ?"

"ఇక్కడే ఉందిగా" అని రత్నం చుట్టూ చూసింది. ఇటు నుంచి అటు పది అంగలు వేస్తే అయిపోయే ఇంట్లో, ఒక పిల్ల లేదన్న సంగతి ఇంతసేపూ ఎవరికీ తెలియలేదు.

నళిని గొడుగు వేసుకుని బయటికొచ్చింది. నది వైపు చూసింది, బాత్రూములున్న షెడ్డు వైపు చూసింది. చివరికి తమ కారు అద్దాలకి లోపలి నుంచి ఆవిరి పట్టి ఉండటం కనబడింది. దగ్గరికెళ్లి తలుపు లాగింది. తాళం వేసి ఉంది. దియ లోపలి నుంచి చూసి తాళం తీసింది. వెనకసీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది, ఒళ్లో పుస్తకం.

"ఇక్కడేం చేస్తున్నావే? వానలో?"

"చదువుతున్నా."

"లోపల చదువుకోవచ్చుగా."

"ఇక్కడ డోర్ ఉంది కదా అమ్మా."

కోపంగా అనలేదు, ఫిర్యాదుగానూ అనలేదు. నళిని పక్కన కూర్చుని తలుపు వేసింది. వాన కారు పైకప్పు మీద ఏకధాటిగా పడుతోంది.  ఆ తర్వాత దియ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"మార్నింగ్ నాకు పీరియడ్స్ వచ్చింది."

"మరి చెప్పలేదేం తల్లీ?"

"గాడ్ షెల్ఫ్ నా బెడ్ పైనే ఉంది. నేను అక్కడ కూర్చుంటే నానమ్మ పూజ అంతా పాడవుతుంది. చెప్తే డాడీకి తెలుస్తుంది, ధృవ్ వాట్ ఈజ్ ఇట్, వాట్ ఈజ్ ఇట్ అంటాడు. అక్కడ ఒక్కళ్లకి చెప్తే అందరికీ చెప్పినట్టే అమ్మా."

ఇంట్లో రత్నం గట్టిగా ఏమీ అనేది కాదు. ఆ మూడు రోజులూ దేవుడి మూలకి వెళ్లకు తల్లీ అని, అంతే. పార్సిప్పనీలో ఆ మూల ఒకటి ఉంది, అది కాక ఇల్లంతా ఉంది. ఇక్కడ ఆ మూలే దియ మంచం. స్వామిని అక్కడ పెట్టినప్పుడు నళిని పక్కనే ఉండి, పటం నిటారుగా ఉందో లేదో చూసి సరిచేసింది కూడా. రోజూ ఎవరికి ఏ మందు ఎలా పడలేదో చదివే మనిషికి, కన్నకూతురి సంగతి తట్టలేదు. నళినికి ఏడుపొచ్చింది. ఏడిస్తే దియ తననే ఓదారుస్తుందని తెలిసి ఆపుకుంది.

"రాత్రి అంతా నిద్ర పట్టిందా?"

"కొంచెం." పుస్తకం మూసి, "డాడీకి చెప్పకు. హీ ఈజ్ సో హ్యాపీ" అంది.

నళిని ఒకటే అడిగింది. "డాడీకి చెప్పనులే. నానమ్మకి చెప్పనా? ఆవిడ ఒక్కదానికే." దియ ఆలోచించి, సరేనన్నట్టు తల ఊపింది.

తడిసిన చెప్పులతోనే నళిని ట్రెయిలర్ ఎక్కింది. ధృవ్‌కి ఫోన్ ఇచ్చి పై బెర్తు ఎక్కించి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించింది. వాడికి అడగకుండానే ఫోన్ రావడం వింతగా ఉండి నోరు మెదపలేదు. తర్వాత ఆమె బల్ల దగ్గరికొచ్చి, అత్తగారి చెవి దగ్గర వంగి, రెండే మాటలు చెప్పింది. చెబుతూ కళ్లతో అర వైపు చూసింది.

ఆవిడ ఏమంటుందో అన్న బెరుకు నళినికి లేకపోలేదు. పటం కడగాలంటుందా, పిల్లని బెర్తులోకి పంపి తను ఇక్కడికి వస్తానంటుందా.

రత్నం చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఒలవడం పూర్తి చేసింది. గింజలు గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని తుడుచుకుంది. బెంచీ మీద మోకాలు మోపి లేచి, పటం, భరిణె, దీపం ఒక్కొక్కటే దించి కొత్త తువ్వాల్లో చుట్టింది. ఆ మూట తీసుకెళ్లి కింది బెర్తులో తన దిండు పక్కన పెట్టింది.

"అక్కడా, అత్తయ్యా? మీ తల దగ్గర?"

"కొండ దిగి ఇంత దూరం వచ్చినాయన, ఇంకో నాలుగడుగులు వెయ్యలేడా? ఆయన సర్దుకుంటాడు. ఎప్పుడూ పిల్లనే సర్దుకోమంటే ఎలా?" అంది రత్నం.  "పొద్దున బంగారుతల్లి అన్నాను చూడు. నాకు సిగ్గేస్తోంది."

గ్లాసులో వేడిపాలు పోసి మూత పెట్టింది. నళిని చెయ్యి అందించబోతే వద్దంది. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని, తడి మెట్లు తనే దిగింది. నళిని వెనకాలే వెళ్లి గొడుగు పట్టింది. కారు తలుపు తెరుచుకుంది, రత్నం లోపలికి ఒరిగింది, తలుపు మూసుకుంది. నానమ్మా మనవరాలూ ఏం మాట్లాడుకున్నారో నళినికి తెలియదు. ఆవిరి పట్టిన అద్దం వెనక రెండు తలలు దగ్గర దగ్గరగా కనిపించాయి. వినాలనిపించింది. వినకుండా వెనక్కొచ్చేసింది.

శ్యామ్‌సుందర్ కాల్ ముగించుకుని పడగ్గదిలోంచి బయటికొచ్చి, ఖాళీగా ఉన్న అరని చూశాడు.

"దేవుడేడి?"

"మారాడు. మనం కూడా మారుతున్నాం. ఈ రాత్రి ఆ గది దియది. నువ్వూ నేనూ బల్ల మీద."

"మనమా? నళినీ, నా కాళ్లు పట్టవు. పొద్దున్నే ఇంకో కాల్..."

"పట్టకపోతే ముడుచుకో. పదమూడేళ్ల పిల్ల ముడుచుకుంది."

అంతకంటే ఆమె ఏమీ చెప్పలేదు, దియకి మాట ఇచ్చింది కాబట్టి.  నళిని గొంతు అతనికి కొత్తగా వినిపించింది.

ఆదివారం పొద్దున శ్యామ్‌సుందర్ పరిస్థితి చూసి తీరాల్సిందే. ధృవ్ బాత్రూమ్‌కి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అతని పొట్ట తొక్కాడు. చీకటితోనే తల్లి కాఫీ పెట్టడానికొచ్చి, పాదాలు బల్ల దాటి వేలాడుతుంటే వాటికి తగిలి అయ్యో అంది. ఆ తర్వాత అందరికీ టిఫిన్ పెట్టాలి, బల్ల కావాలి, లేవక తప్పలేదు. ఏ మెత్త ఎక్కడిదో తెలియక తిప్పి తిప్పి పెట్టాడు. బల్ల సగం లేచి ఆగిపోయింది. చివరికి దిండు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, కూర్చోవడానికి చోటు లేక. ఎవరూ అతన్ని బంగారుతండ్రి అనలేదు.

నళిని అతనికి కాఫీ ఇచ్చింది. ఇద్దరూ మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నారు. వాన వెలిసింది.

"పక్క మడతపెట్టి, లేనట్టు చేసి, దియ నిన్న ఈ మెట్టు మీదే కూర్చుంది కదూ" అన్నాడు.

"ఊఁ."

"నేను మెచ్చుకున్నాను."

నళిని అతని భుజానికి భుజం ఆనించింది, అంతే. అతను తప్పు ఒప్పుకోవడం కాదు ఆమెకి కావలసింది, ఆ మెట్టు మీద ఒకసారి కూర్చోవడం.

ఎండ బాగా ఎక్కాక పడగ్గది తలుపు తెరుచుకుంది. దియ బయటికొచ్చింది, జుట్టు విరబోసుకుని, చెంప మీద దిండు ముడతలతో, ఒంటి మీద నిద్ర ఇంకా ఉండగానే. అంత ఆలస్యంగా ఆ పిల్ల ఎప్పుడూ లేవలేదు. "గుడ్ మార్నింగ్" అని, ఎవరి కోసమూ పక్కకి జరగకుండా నేరుగా వెళ్లి బల్ల దగ్గర, ఖాళీ అర కింద కూర్చుంది. రత్నం పళ్లెంలో ఉప్మా పెట్టి ముందు జరిపింది.

సోమవారం తిరుగుదారిలో లొరైన్ దగ్గర ఆగారు. ఆమె ముందు చూసిన ట్రెయిలర్ తాళంచెవులు చేతిలో పట్టుకుని ఎదురొచ్చింది.

"ఇది కాదు. తలుపులు ఎక్కువున్నది చూపించండి" అన్నాడు శ్యామ్‌సుందర్ ఇంగ్లిష్‌లో.

"పడకలా?"

"తలుపులు. లోపలి నుంచి వేసుకునేవి."

లొరైన్ కాసేపు ఆలోచించి, వాళ్లని మైదానం చివరికి తీసుకెళ్లింది. అక్కడున్నది ఎవరో వాడి అమ్మేసింది. బయట పొయ్యి లేదు, పెద్ద టీవీ లేదు, శ్యామ్‌సుందర్ వేరే ట్రెయిలర్లలో చూసి ముచ్చటపడ్డ వాలుకుర్చీలు లేవు. ఐదుగురే పడుకోవచ్చని రాసి ఉంది. ముందు ఒక గది, తలుపుతో. వెనక ఇంకో చిన్న గది, అందులో ఒకే బెర్తు, గోడకి మడిచే బల్ల, చిన్న కిటికీ, తలుపు. మధ్యలో మంచంగా మారే సోఫా.

శ్యామ్‌సుందర్ మళ్లీ ఎవరెక్కడో చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి ప్రతి మాటకీ ఆగి, మొహాలు చూసి మరీ చెప్పాడు. ముందు గది అమ్మకీ, ఆవిడ దగ్గర్లో లేకపోతే సరిగ్గా నిద్రపోని ధృవ్‌కీ. పగలు అదే గది నళిని ఆఫీసు, ఆమె పని చేస్తున్నంతసేపూ తలుపు మూసే ఉంటుంది. వెనక గది దియది. సోఫా మంచం తమ ఇద్దరిదీ.

పెద్ద గది మామూలుగా తల్లిదండ్రులే తీసుకుంటారే అని లొరైన్ ఆశ్చర్యపోయింది. అందరికంటే ఆఖర్న పడుకునేది మేమే, మడిచేదీ మేమే అయితే సరిపోతుంది అన్నాడు శ్యామ్‌సుందర్. నళిని అతని వైపు చూసింది. సోమవారం విమానాలు ఇక లేవు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడు నిజంగా నమ్మబుద్ధయింది.

"నాకు ఈ గది ఏవిట్రా? నేను ఎక్కడైనా..." అనబోయి రత్నం తనే ఆగింది. ఏం గుర్తొచ్చిందో, "సరే, ఇవ్వు. దేవుడికి గూడు నా తల దగ్గర కట్టించు" అంది.

"దియా, నీది చూసుకో" అన్నాడు శ్యామ్‌సుందర్.

దియ వెనక గదిలోకి వెళ్లింది. బెర్తు మీద చెయ్యి వేసి చూసింది, కిటికీ తెర లాగి మళ్లీ తీసింది. తర్వాత వెనక్కి తిరిగి, నలుగురి మొహాలూ ఒకసారి చూసి, తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఎవరూ కదల్లేదు.  ధృవ్ పరిగెత్తుకెళ్లి తలుపు మీద చెయ్యి ఎత్తబోయాడు. రత్నం వాడి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఉండరా. కాసేపు ఉండనీ."

లోపల ఏ అలికిడీ లేదు. అలా ఎంతసేపు నిలబడ్డారో గానీ, నళినికి ఆ ఎదురుచూపు బాగుంది. మూసిన తలుపు అవతల తన కూతురు ఏం చేస్తోందో తనకి తెలియకపోవడం, తెలియనవసరం లేకపోవడం బాగుంది.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. దియ బెర్తు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. బ్యాగు ఒళ్లో లేదు, గోడవారగా కింద పడేసి ఉంది.

"అమ్మా, రా" అంది.

నళిని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తెరిచే ఉన్న తలుపు మీద వేళ్లతో రెండుసార్లు తట్టి, "రావచ్చా?" అని అడిగింది.